ఎండ తోటలో గంగవాయిలి: నేలను కప్పుతూ కూరకూ పనికివచ్చే మొక్కను పెంచే విధానం

గంగవాయిలి కూరను పనిగట్టుకుని పెంచడమేమిటి, అడగకుండానే మొలుస్తుంది కదా అనేవారు చాలామంది ఉంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. గంగపాయల, పెద్ద పావిలి అని కూడా పిలిచే ఈ మొక్క దొరికిన సందులోనల్లా వేరు పెట్టి, ఎవరూ నీరు పోయకపోయినా బతుకుతుంది. అయితే తనంతట తాను మొలిచిన నాలుగు మొక్కలకూ, మనం అనుకున్న మడిలో ఖాళీ లేకుండా పరచుకుని, వారం వారం కోతకు అందుతూ, పక్క మడిలోకి పాకకుండా ఉండే మొక్కలకూ చాలా తేడా ఉంది. ఆ తేడా ఎలా తేవాలో వివరించడమే ఈ వ్యాసం పని.

మొదటే ఒక విషయం చెప్పాలి. నేలను కప్పడం, కూరకు ఆకు ఇవ్వడం అనే రెండు పనులనూ ఈ మొక్క చేస్తుంది గాని, రెండింటికీ అది కోరే పెంపకం ఒకటి కాదు. నేలను కప్పడానికే అయితే నీటిని బిగబట్టాలి, కత్తెర తక్కువగా వాడాలి. లేత ఆకు కావాలంటే నీరు కాస్త ధారాళంగా ఇవ్వాలి, తరచుగా కోయాలి. ఒకే మడిలో రెండూ పూర్తిగా సాధిద్దామనుకున్నవారు ముదురు కాడలతోనో, బోడి నేలతోనో మిగిలిపోతారు. కాబట్టి విత్తకముందే స్థలాన్ని మనసులో రెండుగా విభజించుకోవడం మంచిది: ఇంటికి దగ్గరగా, చేతికి అందేలా చిన్న కోత మడి ఒకటి, మిగిలినదంతా పరుపు మడి.

మొక్క వేడిని ఎలా తట్టుకుంటుంది

దీన్ని అర్థం చేసుకుంటే నీటి విషయంలో సగం తప్పులు తగ్గుతాయి. నీరు అందుతున్నంత కాలం గంగవాయిలి మొక్కజొన్న, చెరకుల మాదిరిగా సీ4 అనే కిరణజన్య సంయోగ పద్ధతిలో ఆహారం తయారు చేసుకుంటూ మండుటెండలో కూడా చకచకా పెరుగుతుంది. నేల ఎండిపోగానే కలబంద, నాగజెముడు వంటి మొక్కల దారి పడుతుంది. క్యామ్ అనే ఈ పద్ధతిలో కార్బన్ డయాక్సైడును రాత్రిపూట పట్టి మాలిక్ ఆమ్లంగా ఆకుల్లో దాచుకుని, పగలు నీటిని ఆవిరి కానివ్వకుండా ఆ నిల్వను వాడుకుంటుంది. ఒకే మొక్కలో ఈ రెండు పద్ధతులూ ఉండడం చాలా అరుదు. ఇవి వేరువేరుగా కాక, ఒకే ఆకులోని అవే కణాలలో కలిసి నడుస్తున్నాయని 2022లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు.

తోటమాలికి దీనివల్ల తెలిసేది రెండు సంగతులు. నీటి ఎద్దడిలో ఉన్న మొక్క బతుకుతుంది గాని పెరగదు. రెండోది, రాత్రంతా పోగైన ఆమ్లం వల్ల తెల్లవారుజామున కోసిన ఆకు పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి ఆ పులుపు తగ్గుతుంది. నీరు తక్కువైన మడిలో ఈ తేడా నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది.

ముందుగా మొక్కను గుర్తుపట్టడం

నాటడానికి కొమ్మలు ఏ ఖాళీ స్థలంలోనో సేకరించేవారు ఈ భాగాన్ని దాటవేయకూడదు. గంగవాయిలి కాడ గుండ్రంగా, నున్నగా, నూగు లేకుండా ఉండి, ఎండ తగిలినచోట ఎరుపు తేలుతుంది. ఆకులు చిన్న చెంచా ఆకారంలో, వేళ్ళ మధ్య నొక్కితే నీరు నింపిన తిత్తిలా మందంగా తగులుతాయి. కొమ్మ చివర అవి గుత్తిగా చేరి ఉంటాయి. పూలు చిన్నవి, పసుపు రంగువి. ఎండ వచ్చాక విచ్చుకుని కొద్ది గంటల్లోనే ముడుచుకుపోతాయి.

పొరపాటు పడే ప్రమాదం ఎక్కువగా నానబాలు జాతి మొక్కలతోనే. అవి కూడా నేలబారునే పాకుతాయి, కాడలు ఎర్రగానే ఉంటాయి, తరచుగా గంగవాయిలి పక్కనే, ఒక్కోసారి దాని మధ్యలోనే మొలుస్తాయి. అయితే వాటి ఆకులు పలుచన, కాడలు సన్నన. కాడను తుంచితే తెల్లటి పాలు కారుతాయి. ఆ పాలు చర్మానికి, కంటికి మంట పుట్టిస్తాయి, కడుపులోకి వెళ్తే హాని చేస్తాయి. గంగవాయిలి కాడను తుంచితే వచ్చేది నీటిలాంటి రసమే. ఒక్క కొమ్మను పరీక్షించి మిగతా కట్టనంతా నమ్మడం సరికాదు. రెండూ కలిసి పెరిగిన చోట ప్రతి కొమ్మనూ తుంచి చూడవలసిందే. నేను ఎన్నో ఏళ్ళుగా ఈ మొక్కను పెంచుతున్నా, బయటి నుంచి తెచ్చిన కొమ్మలకు ఈ పరీక్ష చేయకుండా మడిలో పెట్టను.

తెల్ల గలిజేరుతో పోలిక ఇంకా దగ్గరగా ఉంటుంది. దాని ఆకులు కూడా మందంగానే ఉంటాయి, పాలు కూడా కారవు. అయితే దాని ఆకులకు స్పష్టమైన తొడిమ ఉంటుంది, ఎదురెదురు ఆకులలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గులాబీ ఛాయ గల పూలు ఆకు మొదట్లో ఒక తొడుగులో ఇరుక్కుని ఉంటాయి. ముదిరిన గలిజేరు ఆకు విరేచనాలు కలిగించవచ్చు. ఇక అందానికి పెంచే గడ్డి గులాబీ ఇదే కుటుంబానిదైనా, సూదుల్లాంటి ఆకులూ, పెద్ద రంగురంగుల పూలూ దాన్ని పట్టిస్తాయి. నర్సరీలలో అలంకారం కోసం అమ్మే మొక్కలకు ఏ మందులు కొట్టారో తెలియదు కాబట్టి వాటిని కూరకు వాడరాదు. సన్న ఆకుల చిన్న పావిలి మాత్రం తినదగినదే, పైగా నేలకు మరింతగా అతుక్కుని కణుపు కణుపునా వేళ్ళు దింపుతుంది. రాళ్ళ సందులకు అది ఇంకా బాగా కుదురుతుంది.

గంగవాయిలిలోనూ రెండు తీరులున్నాయి. అడవిగా మొలిచేది నేలబారుగా చక్రంలా విస్తరిస్తుంది. ఆకు కోసం సాగు చేసే రకం పెద్ద ఆకులతో నిటారుగా లేస్తుంది. పరుపు మడికి మొదటిది, కోత మడికి రెండోది. నిటారు రకాన్ని నేలను కప్పడానికి నాటితే మొక్కల మధ్య నేల కనిపిస్తూనే ఉంటుంది.

చోటు, నేల

రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. నీడలో కాడలు సాగి, ఆకులు పలచబడి, పరుపు చిల్లులు పడుతుంది. నేల సారవంతంగా ఉండనక్కరలేదు, నీరు మాత్రం నిలవకూడదు. అనుమానముంటే ఒక అడుగు లోతు గుంత తీసి, నీటితో నింపి ఇంకనిచ్చి, మళ్ళీ నింపి చూడండి. రెండోసారి పోసిన నీరు కొన్ని గంటల్లో ఇంకిపోతే ఆ చోటు పనికొస్తుంది. మర్నాటికి కూడా నిలిచి ఉంటే ఇసుక, కంపోస్టు కలిపి మడిని జానెడు ఎత్తు చేయాలి. కొద్దిపాటి ఉప్పదనాన్ని ఈ మొక్క సహిస్తుంది.

ఎరువు దాదాపు అక్కరలేదు. పరుపు మడికి అసలే వద్దు. కోత మడికి ఒక సెంటీమీటరు మందాన చివికిన కంపోస్టు చాలు. నత్రజనిని నైట్రేటు రూపంలో ఎక్కువగా వేస్తే ఆకు గుబురుగా వస్తుంది గాని, ఈ ఆకులో అసలే ఎక్కువగా ఉన్న, మూత్రపిండాల్లో రాళ్ళకు దారితీయగల ఆక్సాలిక్ ఆమ్లం ఇంకా పెరుగుతుంది.

తినడానికి పెంచేవారు నేల చరిత్ర కూడా చూసుకోవాలి. నేలలోని సీసం, కాడ్మియం వంటి భార లోహాలను ఈ మొక్క పీల్చుకుని తనలో ఉంచుకోగలదు. వాహనాలు తిరిగే రోడ్డు వార, పాత రంగు పెచ్చులు రాలే గోడ మొదలు, మురుగు నీరు పారే చోటు, కలుపు మందు కొట్టిన నేల కూరకు పనికిరావు.

మడి సిద్ధం చేసేటప్పుడు తుంగనూ గరికనూ గడ్డలతో, వేళ్ళతో సహా తవ్వి తీసివేయాలి. గంగవాయిలి కమ్ముకుని వాటిని అణచివేస్తుందనుకోవడం భ్రమ. అవి దాని మధ్యనుంచి పొడుచుకువస్తాయి, అప్పుడు పరుపును చెడగొట్టకుండా వాటిని పీకలేము. తరువాత మడిని తడిపి వారం పది రోజులు వదిలేసి, మొలిచిన కలుపును పైపైన గీకి తీసివేసి, ఆపైన విత్తండి. మొలకలు చాలా చిన్నవి, వాటి మధ్య కలుపు ఏరడం కళ్ళకు శిక్ష. ఈ పది రోజుల ఓపిక ఆ శ్రమను తప్పిస్తుంది.

విత్తడం

గింజలు నల్లగా, ఇసుక రేణువులంత ఉంటాయి. ఒక గ్రాములో వేలకొద్దీ గింజలుంటాయి కాబట్టి చేత్తో నేరుగా చల్లితే ఒకచోట గుంపుగా, ఒకచోట శూన్యంగా పడతాయి. ఒక పాలు గింజకు ఇరవై పాళ్ళు పొడి ఇసుక కలిపి, ఆ మిశ్రమాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగం నిలువుగానూ మరొకటి అడ్డంగానూ నడుస్తూ చల్లండి.

చల్లాక మట్టి కప్పకూడదు. ఈ గింజలు మొలవడానికి వెలుతురు కావాలి. అర సెంటీమీటరు మట్టి కిందకు వెళ్ళినవి చాలావరకు నిద్రపోతాయి. ఒక చెక్క పలకతో నేలకు అతుక్కునేలా నొక్కితే సరిపోతుంది. నేల 25 డిగ్రీల సెల్సియస్ దాటాకే విత్తాలి. 30 డిగ్రీల పైన నాలుగైదు రోజుల్లో మొలకెత్తుతాయి, చల్లని నేలలో రోజుల తరబడి ఎదురుచూసినా లాభం ఉండదు. ఈ వారం రోజులు మాత్రమే పైమట్టిని తడి ఆరనివ్వకూడదు. ధారగా పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి సన్నని జల్లుగా, రోజుకు రెండుసార్లు పోయాలి.

మొలకలకు నాలుగైదు ఆకులు రాగానే పలచన చేయాలి: కోత మడిలో 15 సెంటీమీటర్లకు ఒకటి, పరుపు మడిలో 25 నుంచి 30 సెంటీమీటర్లకు ఒకటి. పీకిన మొలకలు తినడానికి బాగుంటాయి.

కొమ్మలతో నాటడం

త్వరగా నేల కప్పాలంటే విత్తనం కంటే కొమ్మే మేలు. ఇంకా పూతకు రాని కొమ్మలను 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవున కత్తిరించి, అడుగున ఆకులు తుంచి, కోసిన చోటు ఆరేలా ఒక రోజు నీడలో ఉంచాలి. పచ్చి గాయంతో తడి మట్టిలో పెట్టిన కొమ్మ కుళ్ళే అవకాశం ఎక్కువ. మర్నాటి సాయంత్రం రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, చుట్టూ వేలితో అదిమి, ఒకసారి తడపాలి. వారం పది రోజుల్లో కొత్త చివురు కనిపిస్తే వేరు పట్టినట్టే. 20 సెంటీమీటర్ల ఎడంలో చదరపు మీటరుకు 25 కొమ్మలు పడతాయి. మంచి వేడిలో ఐదారు వారాలకు నేల కనిపించకుండా కమ్ముకుంటుంది.

ఈ పరుపు మీద నడవకూడదు. కాడలు నీటితో నిండి పెళుసుగా ఉంటాయి, కాలు పడినచోట నలిగిపోతాయి. దారి అవసరమైతే ముందే రాళ్ళు పరచుకోవాలి. తొట్లలో పెంచేవారు అడుగున రంధ్రాలు సరిగా ఉండేలా చూసుకుంటే చాలు, మిగతా పద్ధతి ఇదే.

నీరు

తోటమాలులు ఈ మొక్కను చంపితే ఎక్కువసార్లు నీటితోనే చంపుతారు. కరవును తట్టుకునే మొక్క అనగానే మొదటి రోజు నుంచీ వదిలేసేవారు కొందరు, వేడి చూసి భయపడి రోజూ పోసేవారు ఇంకొందరు, రెండూ తప్పే. వేరు లోతుకు దిగేదాకా, అంటే మొదటి మూడు వారాలు, మట్టి పైన రెండు సెంటీమీటర్ల మేర ఆరిన ప్రతిసారీ నీరివ్వాలి. ఆ తరువాత వ్యవధి పెంచుతూ పోవాలి. పరుపు మడికి వానలు లేని కాలంలో పది పదిహేను రోజులకు ఒకసారి, కాని ఇచ్చినప్పుడు జానెడు లోతు తడిసేలా ఇవ్వాలి. రోజూ పైపైన చల్లితే వేళ్ళు పైనే ఉండిపోయి, మొక్క కరవును తట్టుకునే గుణమే కోల్పోతుంది. కోత మడికి వారానికి రెండు తడులు చాలు.

తేదీల కంటే మొక్కనే చూడడం నేర్చుకోవడం మంచిది. మధ్యాహ్నం ఆకులు కాస్త పైకి ముడుచుకుంటే కంగారు అక్కరలేదు, అది ఎండ తగలే వైశాల్యాన్ని తగ్గించుకోవడమే. కాడ ఎరుపు ముదిరితే దప్పిక మొదలైందని అర్థం. ఆకులు తిత్తిలాంటి మందం పోయి మెత్తటి తోలులా వేలాడుతూ, అడుగునుంచి రాలడం మొదలైతే ఇక నీరివ్వాలి. ఆకులన్నీ రాలి కాడలే మిగిలినా మొక్క చచ్చిందని పీకేయవద్దు. ఒక మంచి తడి ఇస్తే కొద్దిరోజుల్లో కణుపుల దగ్గర చివుళ్ళు పొడుచుకువస్తాయి. దీనికి భిన్నంగా, కాడ మొదలు గోధుమరంగుకు తిరిగి, నొక్కితే మెత్తగా జారిపోతుంటే అది వేరుకుళ్ళు. అప్పుడు ఆ మొక్కను తీసేసి, పైభాగంలో గట్టిగా ఉన్న కొమ్మలను వేరే చోట నాటుకోవడం తప్ప మార్గం లేదు.

పరుపు మడి నుంచి కూడా అప్పుడప్పుడు ఆకు కావాలంటే ఒక ఉపాయం ఉంది. కోయదలచిన భాగాన్ని మాత్రమే ఐదారు రోజుల ముందు బాగా తడపండి. ఆకులు మళ్ళీ ఉబ్బి, పులుపు తగ్గి, కూరకు యోగ్యంగా తయారవుతాయి.

కోత

విత్తిన నాలుగు నుంచి ఆరు వారాలకు కొమ్మలు 12 నుంచి 15 సెంటీమీటర్లకు చేరతాయి. నేలకు నాలుగైదు సెంటీమీటర్ల పైన, కనీసం రెండు కణుపులు మిగిలేలా కోయాలి. ఆ కణుపులనుంచే తరువాతి కోత వస్తుంది. మడినంతా ఒకేసారి కోయకుండా మూడు భాగాలుగా చేసి వారానికొకటి కోస్తే నేల ఎప్పుడూ బయటపడదు. ఒక మొక్క నుంచి రెండు మూడు మంచి కోతలు ఆశించవచ్చు, ఆపైన కాడ ముదిరి నార పడుతుంది.

కొమ్మ కొసను దగ్గరగా చూడడం అలవాటు చేసుకోండి. నాలుగు ఆకుల నడుమ బల్లపరుపుగా, మొన దేలిన పచ్చటి మొగ్గలు కనిపించాయంటే కోత ఆలస్యమవుతోందని గుర్తు. పూత తరువాత ఒకటి రెండు వారాల్లో కాయ ముదురుతుంది. ఆ కాయకు చిన్న భరిణెలాగా మూత ఉంటుంది. పండాక వేలు తగిలినా మూత ఊడి గింజలు రాలిపోతాయి. కోసిన కొమ్మలను గిన్నెడు నీటిలో జాడించి చూస్తే అడుగున నల్లటి గింజలు పేరుకుంటాయి. ఆ నీటిని మొక్కల మొదట్లో పోశారంటే విత్తినట్టే.

తినేటప్పుడు

లేత ఆకునూ కాడనూ పచ్చిగానూ, వండి కూడా తినవచ్చు. కొద్దిగా జిగురు ఉంటుంది. వంద గ్రాముల పచ్చి ఆకులో సుమారు 93 గ్రాములు నీరే. విటమిన్ సి 21 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 68 మిల్లీగ్రాములు ఉంటాయి. ఆకుకూరలలో ఎక్కువ మోతాదులో అరుదుగా కనిపించే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా 3 కొవ్వు దీనిలో చెప్పుకోదగినంత ఉంటుంది. అయితే ఆక్సాలిక్ ఆమ్లం కూడా పాలకూరలోలాగే ఎక్కువ. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్ళు ఏర్పడే స్వభావం ఉన్నవారు వైద్యుడి సలహా లేకుండా దీన్ని తినకూడదు. మిగిలినవారు కూడా ఉడికించి ఆ నీటిని పారబోయడం, పెరుగు వంటి కాల్షియం ఉన్న పదార్థంతో కలిపి తినడం వల్ల ఒంటికి పట్టే ఆక్సలేటు తగ్గుతుంది. మొదటిసారి తినేవారు కొద్దిగా మొదలుపెట్టాలి.

పక్క మొక్కలు, తెగుళ్ళు

టమాటా, బెండ, మొక్కజొన్న వంటి ఎత్తు పంటల కింద గంగవాయిలి సజీవమైన ఆచ్ఛాదనగా పనిచేసి, నేల వేడినీ తేమ నష్టాన్నీ తగ్గిస్తుంది. వాటి మొదళ్ళకు జానెడు దూరం వదలాలి. ఉల్లి, క్యారెట్ వంటి నెమ్మదిగా మొలిచే పంటల దగ్గర మాత్రం దీన్ని ఉంచకూడదు, లేత మొలకలను కప్పేస్తుంది. కుకుంబర్ మొజాయిక్ వైరస్‌కూ, వేరుబుడిపె నులిపురుగులకూ ఇది ఆశ్రయమిస్తుంది. ఈ బెడదలు ముందే ఉన్న తోటలో దోస, టమాటాల పక్కన దీన్ని పెంచడం కోరి తెచ్చుకునే తలనొప్పి.

ఆకు అడుగున తెల్లటి పొక్కులు కనిపిస్తే అది తెల్ల త్రుప్పు తెగులు. ఆ కొమ్మలను కోసి పారేసి, ఆకులు తడవకుండా మొదట్లోనే నీరివ్వాలి. ఆకును లోపల తొలిచే పురుగులు పడితే మొక్కను నేలమట్టానికి కోస్తే సరిపోతుంది. తినే మొక్కకు మందు కొట్టే అవసరం నాకైతే ఎప్పుడూ రాలేదు.

హద్దులో ఉంచడం

ఈ మొక్కకు అసలైన పని ఇక్కడే ఉంది. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, అవి నేలలో ఏళ్ళ తరబడి, ఒక్కోసారి దశాబ్దాల పాటు ప్రాణంతో ఉంటాయి. మొదట్లో ఒకసారి నేను పీకిన మొక్కలను ఎండకు వాడిపోతాయి కదా అని కంకర దారి పక్కన కుప్పగా వేశాను. వారం తరువాత చూస్తే అడుగున ఉన్నవి వేళ్ళు పెట్టాయి, పైన ఉన్నవి ఒంట్లో దాచుకున్న నీటితోనే కాయలు ముదిరించి గింజలు రాల్చేశాయి. ఆ దారిని శుభ్రం చేయడానికి రెండేళ్ళు పట్టింది. పార వేసి కలుపు కొట్టినట్టు కొట్టినా ఇంతే, ముక్కలైన కాడలలో చాలా వరకు కొత్త మొక్కలవుతాయి. పీకిన దాన్ని బుట్టలో వేసుకుని బయటకు తీసుకుపోవాలి. కాయలున్న కొమ్మలను బాగా వేడెక్కని కంపోస్టు కుప్పలో వేయకూడదు.

మడి అంచున ఇటుకలో పలకలో పెట్టి, వారానికొకసారి అంచు దాటిన కొమ్మలను కత్తిరించాలి. విత్తనం కావాలంటే ఒకటి రెండు మొక్కలను తొట్టిలో వేరుగా పెంచి, కాయలు పసుపుకు తిరిగే సమయంలో కొమ్మలను కోసి కాగితపు సంచిలో తలకిందులుగా ఆరబెట్టండి. మడిలోని మొక్కలను మాత్రం కాయ దాకా పోనివ్వవద్దు.

చలి ముదిరితే గంగవాయిలి చనిపోతుంది, మంచు పడితే ఒక్క రాత్రిలోనే నల్లబడుతుంది. వేడి ప్రాంతాల్లో కూడా ఒక్కో మొక్క కొన్ని నెలలే ఉంటుంది. అప్పుడు బయటపడిన నేల మీద ఎండుటాకులో గడ్డో ఐదు సెంటీమీటర్ల మందాన పరచండి. ఆ పొర కింద నేల చల్లగా ఉంటుంది, గింజ మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి రాలిన గింజలూ కదలవు. మళ్ళీ వేడి కాలం వచ్చాక పరుపు ఎక్కడ కావాలో అక్కడ మాత్రమే ఆ పొరను పక్కకు లాగి, పైమట్టిని గీకి, నీరు చల్లండి. ఎంత జాగ్రత్తపడినా రాలిపోయిన పాత గింజలే మొలుస్తాయి, మళ్ళీ విత్తవలసిన అవసరం చాలాసార్లు రాదు.